చెప్పుల జత, జోడెడ్లు, చిటికెడు ఉప్పు: ఫాంటసీ ఇతిహాసంలో స్నేహాన్నీ విశ్వాసాన్నీ రాయడం ఎట్లా?

కొన్నేళ్ళ కిందట నేనొక ఫాంటసీ నవల మొదలుపెట్టాను. మూడు రాజ్యాలు, ఒక శాపం, ఒక మంత్రఖడ్గం, చేత్తో గీసుకున్న పటం, అన్నీ ఉన్నాయి. వారానికొక భాగం చొప్పున ఆన్‌లైన్‌లో పెడుతూ వచ్చాను. 31వ భాగంలో హీరో ప్రాణస్నేహితుణ్ణి చంపేశాను. రాస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. కావలిలో ఉండే మా పిన్ని కూతురు ఒక్క భాగం కూడా వదలకుండా చదివేది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, “అన్నా, నిన్న చచ్చిపోయినోడు ఎవురన్నా?” అని అడిగింది.

ఎగతాళి చేయడానికి కాదు. పాపం, దానికి నిజంగానే గుర్తు లేదు.

ఫోన్ పెట్టేసి, పాత భాగాలన్నీ తిరగేసి లెక్కపెట్టాను. ఆ స్నేహితుడు 30 భాగాల్లో 19 చోట్ల కనిపించాడు. అందులో 11 సార్లు “నీ కోసం ప్రాణమైనా ఇస్తాను” అనే అర్థం వచ్చే మాటే అన్నాడు. ప్రాణం సంగతి తర్వాత, 30 భాగాల్లో హీరోకి మంచినీళ్ళు కూడా ఇచ్చిన పాపాన పోలేదు.

దాన్ని పక్కన పడేసి మళ్ళీ రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తెలిసొచ్చింది ఇక్కడ మెట్లుగా పెడుతున్నాను. వరుస తప్పకుండా చేయాలనేం లేదు గానీ, మూడో మెట్టు మాత్రం ఎగ్గొట్టకండి.

వివరించడానికి ఒక చిన్న కథను వెంట పెట్టుకుందాం. పడమట ఉదయగిరి లాంటి కొండకోట. తూర్పున సముద్రం, దాని ఒడ్డున ఉప్పు కొటార్లు. మధ్యలో ఎండాకాలం పెన్నలా ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ ఉండే నది. కోట శత్రువు చేతికి చిక్కింది. కొండ కింద వెయ్యేళ్ళుగా పడుకున్నదేదో కదులుతోంది. దాన్ని మళ్ళీ పడుకోబెట్టే రాయి సముద్రం దగ్గర ఉంది. దుర్గాధిపతి రెండో కొడుకు తిరుకాళ దాని కోసం బయల్దేరాడు. దారి చూపించడానికి చెంచి అనే అమ్మాయి కలిసింది. వాళ్ళది కొటార్లలో ఉప్పు తీసే కుటుంబం.

మొదటి మెట్టు: ఏ మాట రాస్తున్నారో తేల్చుకోండి

మన దగ్గర దీనికి ఒక్క మాట లేదు. అరడజను ఉన్నాయి, ఒక్కోదాని బరువు ఒక్కో రకం. విధేయత అంటే కిందివాడు పైవాడికి చూపించేది, అందులో కొంచెం భయం కూడా కలిసి ఉంటుంది. స్వామిభక్తిలో భయం తక్కువ, పూజ ఎక్కువ. విశ్వాసం అనగానే మనకు కుక్క గుర్తొస్తుంది, లేదా ఉప్పు గుర్తొస్తుంది. మాట మీద నిలబడటం వేరే సంగతి: ఎదుటి మనిషి మంచివాడు కాకపోయినా సరే, ఇచ్చిన మాట కోసం నిలబడతాడు. ఇక స్నేహంలో పైనా కిందా ఉండవు, ఉన్నా మరిచిపోతారు.

చాలా ఫాంటసీ కథల్లో ఇవన్నీ కలిపి ఒకే కుండలో వండేస్తారు. సేనాపతీ, సేవకుడూ, చిన్ననాటి స్నేహితుడూ ముగ్గురూ ఒకే గొంతుతో “ప్రభూ, మీ వెంటే” అంటారు. అందుకే ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు.

కాగితం తీసుకుని, హీరో వెంట ఉన్న ప్రతి మనిషి చేతా ఒక వాక్యం చెప్పించండి: “నేను ఇతని వెంట ఎందుకున్నానంటే...” ఇద్దరి వాక్యం ఒకేలా వస్తే ఒకరు అనవసరం.

చెంచి విషయంలో నాకు దొరికింది ఉప్పు. “మీ ఉప్పు తిన్నాం దొరా” అని కోటలో బంట్లందరూ అంటారు. కానీ ఆ ఉప్పు తీసింది ఎవరు? చెంచీ, వాళ్ళ నాయనా. దుర్గాధిపతి ఇంట్లో పచ్చడి నుంచి పులుసు దాకా ఈ పిల్ల కాళ్ళు పగిలి తీసిన ఉప్పే. మరి ఎవరు ఎవరికి విశ్వాసంగా ఉండాలి? ఈ ప్రశ్న దొరికిన రోజు నాకు కథ సగం దొరికినట్టే అనిపించింది. మీ కథలో కూడా ఇట్లాంటి తలకిందుల ప్రశ్న ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుంది. మీ లోకంలో జనం రోజూ వాడే సామెతల్లో వెతకండి.

రెండో మెట్టు: ముందు కాడి కట్టండి, ప్రేమ తర్వాత

కందుకూరు పక్కన మా మేనమామకు ఒంగోలు జాతి ఎడ్లు ఉండేవి. సంక్రాంతికి బండలాగుడు పందేలకు తోలుకెళ్ళేవాడు. కొత్తగా కొన్న ఎద్దును పాతదానితో జత చేసేటప్పుడు ఆయన చాలా రోజులు కష్టపడేవాడు. రెండూ బలమైనవే, ఎత్తు కూడా సమానమే, అయినా అడుగు కలవదు. ఒకటి ముందుకు గుంజుతుంది, రెండోది మెడ వాలుస్తుంది. ఎలపట (కుడివైపు) ఎద్దును దాపటకు (ఎడమకు) మారిస్తే అసలు కదలనే కదలదు. “కాడి కింద మెడలు ఒరుసుకోవాల్రా, అప్పుడే జోడవుద్ది” అనేవాడు.

కథలో కూడా ఇంతే. స్నేహితులు ఒకరినొకరు ఇష్టపడటం కంటే ముందు ఒకరికొకరు పనికిరావాలి. రామసుగ్రీవుల మైత్రి చూడండి. ఇద్దరూ భార్యకు దూరమైనవాళ్ళు, ఇద్దరూ రాజ్యం లేనివాళ్ళు. హనుమంతుడు నిప్పు రాజేస్తే అగ్నిసాక్షిగా ఒప్పందం చేసుకున్నారు: నేను వాలి సంగతి చూస్తాను, నువ్వు సీతను వెతికించు. నిర్మొహమాటంగా చెప్పాలంటే అది ఇచ్చిపుచ్చుకోవడం. అంత స్పష్టమైన బేరం కాబట్టే, తర్వాత ఎవరు ఎంత తూగారో పాఠకుడు చూడగలుగుతాడు.

మన కథలో తిరుకాళకు దారి కావాలి. చెంచికి వాళ్ళ నాయన కావాలి. ఉప్పు పన్ను కట్టలేదని ఆయన్ను కోటలో చెరసాల్లో వేశారు, వేయించింది తిరుకాళ వాళ్ళ నాయనే. కోట మళ్ళీ దక్కితే విడిపిస్తానని తిరుకాళ మాటిచ్చాడు. అదీ కాడి. ఇద్దరికీ ఇంకా ప్రేమా లేదు, గౌరవమూ లేదు. మొదటి నాలుగు రోజులు చెంచి అతనితో అవసరానికి మించి మాట్లాడదు.

ఇక్కడ చేయాల్సిన పని చిన్నదే. ఇద్దరికీ రాని పనులు రాయండి. తిరుకాళకు ఇసుకలో చెలమ తవ్వడం రాదు. చెంచికి చదువు రాదు, రాతిమీద రాసిన హెచ్చరిక చదవలేదు. ఒకరు లేకపోతే రెండోవాళ్ళు ఆ రోజే ఆగిపోయే పరిస్థితి కనీసం రెండు చోట్ల రావాలి, ఒక్కోసారి ఒక్కొక్కరికి. ఎప్పుడూ ఒకరే కాపాడుతుంటే అది స్నేహం అవ్వదు, జీతం లేని కొలువు అవుతుంది.

మూడో మెట్టు: రెండు ఋణాలను ఎదురెదురుగా నిలబెట్టండి

ఈ మార్గదర్శి మొత్తంలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. అడ్డమేదీ లేనప్పుడు విశ్వాసం కంటికి కనబడదు. ఒక ఋణం తీర్చాలంటే ఇంకో ఋణం ఎగ్గొట్టక తప్పని చోట అది బయటపడుతుంది. కత్తికి అడ్డం నిలబడటం చూడ్డానికి బాగుంటుంది, కానీ రాయడానికి చాలా తేలిక. మనిషి ఆలోచించకుండానే ఆ పని చేసేస్తాడు. ఆలోచించి, తెలిసి తెలిసి, ఒక చేత్తో ఇంకో చేతిని నరుక్కోవడం కష్టం.

దీనికి మన నెల్లూరు వాడి దగ్గరే పాఠం ఉంది. 13వ శతాబ్దంలో తిక్కన ఇక్కడే, మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేశాడు. అందులో ఉద్యోగపర్వం తీసి, కృష్ణుడు కర్ణుణ్ణి ఒంటరిగా కలిసే చోటు ఒకసారి చదవండి. నువ్వు కుంతి కొడుకువి, పాండవుల్లో పెద్దవాడివి, వస్తే రాజ్యం నీదే అంటాడు కృష్ణుడు. కర్ణుడికి అప్పుడు ఎన్ని ఋణాలు గుర్తొస్తాయో లెక్కపెట్టండి. పెంచిన రాధకూ అతిరథుడికీ ఉన్న ఋణం. రంగస్థలంలో అందరూ కులం అడిగి నవ్వుతున్నప్పుడు అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టిన దుర్యోధనుడికి ఉన్న ఋణం. తననే నమ్ముకుని అతను యుద్ధానికి సిద్ధపడ్డాడన్న ఎరుక. అవతలి వైపు రక్తసంబంధం. ధర్మం ఎటుందో కూడా కర్ణుడికి తెలుసు. తెలిసే నిలబడతాడు.

అందులో ఒక చిన్న మెలిక ఉంది, రాసేవాళ్ళకు బంగారం. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దంటాడు కర్ణుడు. చెబితే ధర్మరాజు రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అంటాడు. ఒకే వాక్యంలో తమ్ముడి మీద గౌరవం, స్నేహితుడి మీద కట్టుబాటు, తన మీద తనకున్న అంచనా మూడూ వచ్చేశాయి. “నా స్నేహితుణ్ణి వదలను” అని పది పేజీలు అరిచినా ఇంత రాదు.

ఇదే పనిని రామాయణం ఇద్దరు అన్నదమ్ములకు పంచి చేసింది. విభీషణుడు అన్నను వదిలి న్యాయం వైపు వచ్చాడు. కుంభకర్ణుడు అన్న చేసింది తప్పని ముఖం మీదే చెప్పి, మళ్ళీ అన్న కోసమే వెళ్ళి చచ్చాడు. ఎవరిది సరైన విశ్వాసం? మా ఊళ్ళో అరుగుల మీద ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. ఒకరికి గుడి కట్టి, ఇంకొకరికి నామం పెట్టకుండా రెండింటికీ చోటిచ్చిన కథ అది. మీ కథలో కూడా ఒకే సమస్యకు ఇద్దరు మంచివాళ్ళు రెండు వేర్వేరు జవాబులు చెప్పేట్టు చూడండి.

ఎట్లా చేయాలంటే, ప్రతి ముఖ్యపాత్రకూ ఒక పేజీ కేటాయించి, వాళ్ళు ఎవరెవరికి ఏమేం బాకీ ఉన్నారో పద్దు రాయండి. అన్నం పెట్టినవాళ్ళు, మాట తీసుకున్నవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు, పుట్టిన ఊరు, దేవుడు. తర్వాత ఏ రెండు బాకీలు ఒకే రోజు తీర్చమని తలుపు తట్టగలవో చూడండి. ఆ రోజే మీ కథకు నడిమి ఘట్టం.

చెంచికి ఆ రోజు ఇట్లా వస్తుంది. శత్రు సేనాపతి మనిషి రేవులో కలుస్తాడు. మీ నాయన చెరసాల తాళం మా దగ్గరుంది, ఆ అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పు చాలు అంటాడు. ఇంతవరకు మామూలే, ఇట్లాంటిది మీరూ చాలాసార్లు చదివే ఉంటారు. నేను రెండోసారి రాసేటప్పుడు ఒక్క ముడి వేశాను: వాళ్ళ నాయనను చెరసాల్లో వేయించిన పత్రం మీద ముద్ర వేసింది తిరుకాళే అని ఆ మనిషి చూపిస్తాడు. చెంచికి చదువు రాదు. పత్రం నిజమో కాదో తనకు చదివి చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే, తిరుకాళ. ఇప్పుడు చెంచి పత్రం తీసుకెళ్ళి అతని చేతికే ఇచ్చి “చదువు” అంటుంది. అతను నిజం చదవాలి.

దాన్ని రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కత్తి యుద్ధాలైతే రోజుకొకటి రాసేవాణ్ణి.

నాలుగో మెట్టు: స్నేహాన్ని ఒక వస్తువులో పెట్టండి

మనసులో ఉన్నదాన్ని ఎంత వర్ణించినా పాఠకుడి చేతికి అందదు. చేతికి అందేది వస్తువు. భరతుడి భక్తి ఎంత గొప్పదో వాల్మీకి వర్ణిస్తాడు, కానీ మనకు గుర్తుండేది సింహాసనం మీద పెట్టిన పాదుకలు. 14 ఏళ్ళు నందిగ్రామంలో కూర్చుని చెప్పుల పేరు మీద రాజ్యం నడిపాడు.

పాశ్చాత్య ఫాంటసీలో టోల్కీన్ కూడా ఇదే కిటుకు వాడాడు. 1954, 55లలో మూడు సంపుటాలుగా వచ్చిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో శామ్ అనే తోటమాలి వంటగిన్నెలు మోసుకుంటూ లోకం చివరిదాకా నడుస్తాడు. ఇంక మోయలేని రోజున వాటిని ఒక బీటలో పారేస్తాడు, అవి లోపలికి దొర్లుతూ చేసిన చప్పుడు వాడి గుండెలో మోగుతుంది. తన యజమానికి ఇంకోసారి వండిపెట్టే రోజు రాదని వాడు ఒప్పుకున్నది అప్పుడే. ఏడుపులేం లేవు. గిన్నెలు పారేశాడంతే. టోల్కీన్ మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో సొమ్ దగ్గర జరిగిన పోరులో ఉన్నాడు, చిన్ననాటి స్నేహితుల్లో ఇద్దరు ఆ ఏడే పోయారు. తను చూసిన మామూలు సైనికుల నుంచీ, అధికారుల వెంట ఉండే సేవకుల నుంచీ శామ్ వచ్చాడని ఆయనే చెప్పుకున్నాడు. గిన్నెల బరువు తెలిసినవాడు కాబట్టి రాయగలిగాడు.

మన కథలో నేను ఎంచుకున్నది చెప్పుల జత. ముందు రాసిన పాత రకం ఇది:

“చెంచీ, నీ కాళ్ళు పగిలి రక్తం కారుతున్నాయి! నీ బాధ చూడలేకపోతున్నాను. ఇవిగో నా చెప్పులు!” అన్నాడు తిరుకాళ గద్గద స్వరంతో.

దీన్ని చదివితే నాకే నవ్వొచ్చింది. మళ్ళీ రాసింది ఇది:

*మూడో రోజు తిరుకాళ వెనక నడుస్తూ ఇసుకలో అడుగులు చూశాడు. చెంచి అడుగు మడమ ఆనడం లేదు. పాదం బయటి అంచు మీదే పడుతోంది. కొటార్లలో పుట్టిన పిల్ల కదా, నడకే అంత అనుకున్నాడు. చీకటి పడ్డాక మంట దగ్గర కూర్చుని అరికాళ్ళకు ఆముదం రాసుకుంటుంటే కనబడ్డాయి, వేలు దూరేంత పగుళ్ళు. తెల్లారేసరికి చెప్పులు ఆమె మూట పక్కన ఉన్నాయి. చెంచి వాటిని చూసింది, ఏమీ అనలేదు. జానెడు పెద్దవి. కొబ్బరి పీచు పురి పేని కాళ్ళకు కట్టుకుంది. ఆ రోజు మొదటిసారి వెనక్కి తిరిగి, “అబ్బాయా, ముళ్ళున్నాయి, నేనేసిన అడుగులోనే అడుగెయ్యి” అంది.*

గొప్పగా రాశానని చెప్పడం లేదు. కానీ ఇప్పుడు ఆ చెప్పులు మూడు పనులు చేస్తాయి. ఇచ్చిన రోజు అవి కానుక. తర్వాత ఇసుకలో చెంచి వేసే అడుగులు రాజకుమారుడి అడుగుల్లా పడుతున్నాయని ఇద్దరికీ అర్థమైన రోజు అవి ప్రమాదం. చివర్లో, పత్రం గొడవ అయ్యాక, మాటలు లేకుండా విడిపోయాక, వేటగాళ్ళు దగ్గరపడినప్పుడు చెంచి కావాలనే తడి ఇసుకలో ఉత్తరం వైపు లోతుగా అడుగులేసుకుంటూ పోతుంది. వాళ్ళు ఆ జాడ పట్టుకుని పోతారు. క్షమించానని చెంచి ఒక్క మాట కూడా అనదు.

మీ వస్తువు ఖరీదైనది కాకూడదు. మంత్రం ఉన్న ఉంగరమైతే దాని పని మంత్రమే చేసేస్తుంది, మనిషికి పనుండదు. చవకదీ, పాతబడేదీ, ఒకరి ఒంటికి సరిపడి ఇంకొకరికి సరిపడనిదీ చూసుకోండి. కథలో దూరం దూరంగా మూడు చోట్ల రావాలి, మూడుసార్లూ పని మారాలి.

ఐదో మెట్టు: మీ లోకం విశ్వాసాన్ని ఎట్లా కొలుస్తుందో చూపించండి

స్నేహం ఇద్దరి మధ్యే ఉండదు. చుట్టూ చూసేవాళ్ళు ఉంటారు. మాట తప్పినవాణ్ణి ఆ లోకం ఏం చేస్తుంది? ఇంట్లోకి రానిస్తుందా? నీళ్ళిస్తుందా?

ఖడ్గతిక్కన (కవి తిక్కన వేరు, ఈయన వేరు) కథ మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను దగ్గర మొదలైన తగాదా ముదిరి, మనుమసిద్ధి సేనకూ కాటమరాజు వైపు గొల్లలకూ పోరు జరిగింది. మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన సేన అంతా పోయాక వెనక్కి వచ్చాడు. ఇంటి దగ్గర భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు పెట్టి, మంచం అడ్డం పెట్టి, పక్కనే పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటంటే, ఇంట్లో ఇప్పుడు ఆడవాళ్ళం ముగ్గురమయ్యాం కదా, సిగ్గెందుకు అంది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. ఆవులు వెనుదిరిగినట్టే పాలూ విరిగాయంది. అతను లేచి మళ్ళీ యుద్ధానికి వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు.

నాకు ఈ కథ మీద ఒక పేచీ ఉంది. ఆడతనాన్ని తిట్టుగా వాడటం ఇప్పుడు చదివితే గుచ్చుకుంటుంది, అదేం గొప్ప విలువ కాదు. కానీ రాసేవాడిగా చూస్తే, ఎంత పొదుపైన పని! ఉపన్యాసం లేదు. పసుపు ముద్ద, విరిగిన పాలు. ఊరంతా ఏమనుకుంటోందో ఆ ఇంటి వంటగది చెప్పేసింది. సేనానికి రాజు మీదున్న విశ్వాసం, ఇంట్లో వాళ్ళ కళ్ళల్లో నిలబడాల్సిన అవసరం, బతకాలన్న మామూలు కోరిక, మూడూ ఆ మంచం చాటున గుద్దుకున్నాయి.

మీ లోకానికి మీరే ఇట్లాంటి ఆచారం కల్పించండి. మన చుట్టూ ఉన్నవి చూసి కొలత తీసుకోవచ్చు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ జరుగుతుంది కదా. కోరిక తీరినవాళ్ళు ఆ ఏడు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి చెరువులో నిలబడి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. ఎవరి దగ్గర పుచ్చుకున్నారో వాళ్ళకు తిరిగి ఇవ్వనక్కర్లేదు, ముక్కూమొహం తెలియని వాళ్ళకిస్తే ఋణం తీరినట్టే. ఇట్లాంటి ఋణం నడిచే రాజ్యం ఎట్లా ఉంటుందో ఊహించండి. అక్కడ ప్రమాణాలు ఎట్లా చేస్తారు? ఎగ్గొట్టినవాణ్ణి ఎట్లా పట్టుకుంటారు? ఉన్నదాన్ని ఉన్నట్టు దించేయకండి, అది జనం నమ్మకం. దాని నడక మాత్రం చూసుకోండి.

మన కథలో కొటార్ల జనం ప్రమాణం చేసేటప్పుడు ఇద్దరూ ఒకే చిటికెడు ఉప్పును సగం సగం నాలుక మీద వేసుకుంటారు. మాట తప్పినవాడికి ఆ తర్వాత ఎవరింట్లో అయినా చప్పిడి కూడే పెడతారు. తిట్టరు, కొట్టరు. పత్రం నిజం తెలిసిన రాత్రి చెంచి గంజి కాచి తిరుకాళ ముందు పెడుతుంది. అతను ఒక గుటక తాగి ఆగిపోతాడు.

ఆరో మెట్టు: పెద్ద ద్రోహానికి ముందు చిన్న మరుపు

ద్రోహం అనగానే వెన్నుపోటు రాసేస్తాం. నిజానికి స్నేహాలు చాలావరకు నిర్లక్ష్యం వల్ల పాడవుతాయి. వాలి పోయాక సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది, భార్య వచ్చింది, వానాకాలం నాలుగు నెలలు సుఖంగా గడిచిపోయాయి. రాముడు కొండ మీద గుహలో వాన చూస్తూ కూర్చున్నాడు. సుగ్రీవుడు చెడ్డవాడు కాడు, ఇన్నాళ్ళు లేని సుఖం దొరికి ఒళ్ళు మరిచాడంతే. హనుమంతుడు గుర్తుచేస్తే సేనలను పిలవమని ఆజ్ఞ ఇచ్చి, మళ్ళీ అంతఃపురంలోకి పోయాడు. లక్ష్మణుడు కోపంతో ఊగిపోతూ కిష్కింధకు వస్తే తార ఎదురెళ్ళి మాటలతో చల్లబరచాల్సి వచ్చింది.

ఇట్లాంటి మరుపు ఒకటి మీ కథ మొదటి సగంలోనే పెట్టండి. దాన్ని క్షమించిన తీరును బట్టి పెద్దది వచ్చినప్పుడు ఏమవుతుందో పాఠకుడు టెన్షన్‌తో ఎదురుచూస్తాడు. తిరుకాళ ఒక రాత్రి కాపలా కాస్తానని నిద్రపోయాడు, నీళ్ళ తిత్తి దొంగలు ఎత్తుకెళ్ళారు. చెంచి మర్నాడంతా దాని గురించి మాట్లాడలేదు. చెలమ తవ్వేటప్పుడు మాత్రం పార అతని చేతికిచ్చింది.

ఏడో మెట్టు: పిలుపులు

ఇది చిన్నదే, కానీ తెలుగులో రాసేవాళ్ళకు చాలా కలిసొచ్చే పని. మనకు మీరు, నువ్వు ఉన్నాయి. దొరా, అయ్యా, అబ్బాయా, ఏరా, ఒరే ఉన్నాయి. చెంచి మొదట “దొరగారూ” అంటుంది, అందులో మర్యాద కంటే దూరం ఎక్కువ. చెప్పుల రోజు అది “అబ్బాయా” అయింది, ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. పత్రం రోజు మళ్ళీ “దొరగారూ” అంది. ఆ ఒక్క పిలుపు తిరుకాళను చెంపదెబ్బ కంటే గట్టిగా తాకుతుంది. నేను అక్కడ వర్ణన మొత్తం కొట్టేశాను. పిలుపులు ఎక్కడెక్కడ మారతాయో ఒక చీటీ మీద రాసి అంటించుకోండి, లేకపోతే 40 భాగాల కథలో ఖాయంగా కలగాపులగం అవుతాయి.

“మిత్రమా” అనే మాటను మాత్రం కథలోంచి పూర్తిగా వెలివేయండి. నిజజీవితంలో ఎవడూ ఎవణ్ణీ అట్లా పిలవడు.

ఎనిమిదో మెట్టు: చంపే ముందు మళ్ళీ ఆలోచించండి

ఫాంటసీలో స్నేహితుడు చచ్చిపోతేనే విశ్వాసం రుజువైనట్టు అయిపోయింది. బతికుండి మోయడం అంతకంటే కష్టం. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఆ కొండ మీద బురుజుల మధ్య తిరిగినప్పుడల్లా నాకొకటే ఆలోచన వస్తుంది. లోపలున్న ఇద్దరు స్నేహితులను తీసుకోండి. మొదటి నెల ఇద్దరూ వీరులే. పదో నెలలో గింజలు లెక్కపెట్టుకునేటప్పుడు ఏమవుతారు? పద్నాలుగో నెలలో ఒకరికి జ్వరం వస్తే రెండోవాడు తన వంతు కూడా కాపలా ఎన్ని రాత్రులు కాస్తాడు, ఎన్నో రాత్రి మొదటిసారి విసుక్కుంటాడు? అదంతా రాయగలిగితే చావు అవసరమే ఉండదు.

చంపక తప్పదనుకుంటే ఒక నియమం పెట్టుకోండి: చనిపోయినవాడు చేసే పని ఒకటి కథలో ఖాళీగా మిగలాలి. రోజూ మంట వేసేవాడు పోతే ఆ సాయంత్రం మంట ఎవరు వేస్తారు? వేయబోయి ఎవరూ వేయకుండా చలిలోనే పడుకున్నారనుకోండి, ఏడుపు సీను రాయనక్కర్లేదు.

ఆఖరుగా: తీసేసి చూడండి

రాయడం అయ్యాక స్నేహితుడి పాత్రను మొత్తంగా తీసేసి కథను నోటితో ఎవరికైనా చెప్పండి. ఇంట్లోవాళ్ళైతే ఇంకా మంచిది, మొహమాటం లేకుండా ఆవలిస్తారు. ఆ పాత్ర లేకుండా కథ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ వేలు పెట్టండి. ఎక్కడా ఆగకపోతే ఆ మనిషి కథలో లేడు, పేజీల్లో మాత్రమే ఉన్నాడు.

మన జానపద కథల్లో, పాత సినిమాల్లో హీరో పక్కన ఒక హాస్యగాడు ఉంటాడు చూడండి, పరిగెత్తుతూ పడిపోతూ నవ్విస్తుంటాడు. వాళ్ళలో మంచివాళ్ళు హీరో చేయలేని పనేదో ఒకటి చేస్తారు. మిగతావాళ్ళు కునికిపాట్లు పోకుండా మనల్ని లేపి ఉంచడానికే ఉంటారు. నా పాత నవల్లో 31వ భాగంలో చచ్చినవాడు ఆ రెండో రకం. మా ఆవిడకు వాడు లేకుండా కథ మొత్తం చెప్పాను, పులిబొంగరాల పిండి రుబ్బుతూ వింది. ఎక్కడా “మరి వీడేమయ్యాడు?” అని అడగలేదు.

వాడి మాటల్లో పనికొచ్చేవి నాలుగుంటే రేవులో పడవ నడిపే ముసలమ్మకు ఇచ్చేశాను. ఆమె నోట్లో అవి బాగా పలికాయి. మిగతావి కొట్టేశాను. మరీ ఊరికే పోనివ్వడం ఇష్టంలేక, వాడి పేరు ఆ పడవకు పెట్టాను. అడుగున చిన్న చిల్లు ఉంటుంది, రోజూ తోడాలి, అయినా ముసలమ్మ దాన్ని మార్చదు.